అమెరికా చిన్న ఊళ్లలో క్రైస్తవ జాతీయవాదాన్ని గుర్తించి మసలుకోవడం ఎలా

అమెరికాలో తెలుగువారంటే న్యూజెర్సీ, డాలస్, బే ఏరియా అనే ఊహ మనలో బలంగా ఉంది. కాని అక్కడ వైద్య శిక్షణ ముగించి, స్వదేశానికి తిరిగి వెళ్లాలన్న వీసా షరతు నుంచి కాన్రాడ్ 30 పథకం కింద మినహాయింపు పొందిన డాక్టర్లు మూడేళ్లపాటు పనిచేయవలసింది డాక్టర్లు దొరకని చోట్ల, అంటే చాలాసార్లు ఒకటే ఆసుపత్రి, ఒకటే హైస్కూలు, లెక్కకు మిక్కిలి చర్చిలు ఉన్న చిన్న కౌంటీల్లో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది). అలాంటి చోటికి కుటుంబంతో వెళ్లినవారికి త్వరలోనే రెండు అనుభవాలు ఎదురుకావచ్చు. పక్కింటివారు స్వయంగా చేసిన యాపిల్ పై పట్టుకొచ్చి, చలికాలంలో వాకిట్లో మంచు తీయడానికి సాయం కావాలంటే కబురు చేయమని చెప్పి వెళ్తారు. అదే పక్కింటివారు కౌంటీ బోర్డు సమావేశంలో లేచి, ఇది క్రైస్తవ దేశమని, చట్టాలూ అలాగే ఉండాలని మాట్లాడతారు. మొదటిదాన్ని చూసి రెండోదాన్ని తేలిగ్గా తీసుకోవడం ఎంత తప్పో, రెండోదాన్ని విని మొదటిదాన్ని అనుమానించడం కూడా అంతే తప్పు. ఈ రెండింటినీ వేరుచేసి చూడటం ఎలాగో, ఆ ఊరి వ్యవహారాల్లో మన వంతు ఎలా తీసుకోవాలో ఇక్కడ వివరిస్తాను. మన దేశంలోనే ఉండి అమెరికా వార్తలు చదివేవారికి కూడా మొదటి భాగం పనికొస్తుంది.

ముందు కొలబద్ద సరిచూసుకోవాలి

క్రైస్తవ జాతీయవాదం క్రైస్తవ భక్తికి మరో పేరు కాదు, దేశభక్తికీ కాదు. అది ప్రభుత్వం ఎవరిది అన్న ప్రశ్నకు ఇచ్చే ఒక జవాబు. పి.ఆర్.ఆర్.ఐ. అనే పరిశోధన సంస్థ దీన్ని కొలవడానికి ఐదు వాక్యాలు చెప్పి, వాటితో ఎంతవరకు ఏకీభవిస్తారని జనాన్ని అడుగుతుంది. అమెరికాను క్రైస్తవ దేశంగా ప్రభుత్వం ప్రకటించాలి. చట్టాలు క్రైస్తవ విలువల మీద ఆధారపడాలి. క్రైస్తవ పునాదుల నుంచి తొలగిపోతే మనకు దేశమే మిగలదు. నిజమైన అమెరికన్ కావడానికి క్రైస్తవుడై ఉండటం ముఖ్యం. సమాజంలోని అన్ని రంగాల మీద ఆధిపత్యం వహించమని దేవుడు క్రైస్తవులను పిలిచాడు. ఈ ఐదింటిలో చర్చికి వెళ్తారా, ఇంట్లో ప్రార్థన చేసుకుంటారా, బైబిలు చదువుతారా అన్న ప్రశ్న ఒక్కటీ లేదని గమనించండి. 2023 నాటి సర్వేలో ఈ వాక్యాలను గట్టిగా సమర్థించినవారు అమెరికన్లలో దాదాపు 10 శాతం, కొంతమేరకు సానుభూతి చూపినవారు దాదాపు 20 శాతం. మిగిలిన మూడింట రెండు వంతుల మంది వీటిని సందేహించేవారు, లేదా తోసిపుచ్చేవారు.

ఆండ్రూ వైట్‌హెడ్, శామ్యూల్ పెర్రీ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు గమనించిన సంగతి మరింత ఉపయోగకరమైనది. జాతీయవాద భావాల ప్రభావాన్ని లెక్కలోంచి విడదీసి చూస్తే, మత ఆచరణ ఎక్కువగా ఉండటం వలసదారుల వంటి అనేక విషయాల్లో ఎదురు దిశలో పనిచేస్తుందని వారు చూపారు. కాబట్టి ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే మనిషి కదా అని ఎవరి రాజకీయాన్నీ ఊహించకూడదు. చిన్న ఊళ్లో కొత్తవారిని అడిగే మొదటి ప్రశ్న తరచుగా "మీరు ఏ చర్చికి వెళ్తారు?" అన్నదే. దాన్ని మతపరీక్షగా తీసుకోనక్కర్లేదు. మన ఊళ్లలో కొత్త ముఖం కనిపిస్తే "మీరెవరి తాలూకు?" అని అడగడం లాంటిదే అది. "మేము హిందువులం, దగ్గరి గుడికి రెండు గంటల ప్రయాణం" అనో, "మా అమ్మానాన్నలది ఒంగోలు బాప్టిస్టు సంఘం" అనో నిజం చెప్పేస్తే సంభాషణ అక్కడి నుంచి తేలిగ్గానే సాగుతుంది.

అంకెలు చదివేటప్పుడు ఇంకొక జాగ్రత్త అవసరం. 2022లో ప్యూ అనే సర్వే సంస్థ అడిగినప్పుడు 45 శాతం మంది అమెరికా క్రైస్తవ దేశంగా ఉండాలన్నారు. అంకె భయపెట్టేదే. కాని అలా అన్నవారిలో దాదాపు సగం మంది ప్రభుత్వం ఏ మతాన్నీ అధికార మతంగా ప్రకటించకూడదని కూడా అన్నారు. వారికి "క్రైస్తవ దేశం" అంటే అబద్ధమాడని, ఇరుగుపొరుగును పట్టించుకునే దేశమని మాత్రమే అర్థం కావచ్చు. ఆ మాటను చట్టం అన్న అర్థంలోనే వాడేవారూ ఉన్నారు. మిస్సోరి సెనేటరు జాష్ హాలీ 2024లో ఒక సభలో తాను క్రైస్తవ జాతీయవాదాన్నే ప్రతిపాదిస్తున్నానని బహిరంగంగా చెప్పారు. అందువల్ల ఎదుటివారు ఆ మాట అన్నప్పుడు వాదనకు దిగకుండా, ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "అలా అయితే, క్రైస్తవులు కాని మా పిల్లలకు ఈ స్కూల్లో ఏం మారాలంటారు?" "ఏమీ మారనక్కర్లేదు" అని జవాబొస్తే మీ ఎదుట ఉన్నది భక్తి. వాళ్లు మారవలసినవి చెప్పడం మొదలుపెడితే అప్పుడు మీ ఎదుట ఉన్నది రాజకీయం.

చరిత్రను ఆయుధంగా కాక పరిచయంగా వాడండి

చర్చికి, రాజ్యానికి మధ్య గోడ ఉండాలన్నది నగరాల్లోని నాస్తికులు కనిపెట్టిన మాట అని చిన్న ఊళ్లలో చాలామంది నమ్ముతారు. నిజానికి ఆ గోడ కోరుకున్నవారిలో ముందు వరుసలో నిలిచింది పల్లెల్లోని బాప్టిస్టులు. కనెక్టికట్‌లో 1818 వరకు కాంగ్రిగేషనల్ చర్చే అధికార మతంగా ఉండేది. ఆ చర్చి పోషణకు పన్ను తప్పాలంటే బాప్టిస్టులు తాము వేరే సంఘానికి చెందినవారమని ధ్రువపత్రం చూపించాల్సి వచ్చేది. డాన్‌బరీ బాప్టిస్టులు ఈ బాధను అధ్యక్షుడు జెఫర్సన్‌కు రాసుకోగా, 1802 జనవరి 1న ఆయన ఇచ్చిన జవాబులోనే ఆ గోడ ప్రస్తావన ఉంది. అదే రోజున మసాచుసెట్స్‌లోని చెషైర్ అనే పాడిపంటల ఊరి నుంచి జాన్ లీలండ్ అనే బాప్టిస్టు పాస్టరు, ఊరంతా కలిసి తయారుచేసిన 1,235 పౌండ్ల జున్ను గడ్డను జెఫర్సన్‌కు కానుకగా తెచ్చి ఇచ్చాడు. మత స్వేచ్ఛ వైపు నిలిచినవాడికి రైతులు పంపిన కృతజ్ఞత అది. మనకు ఈ బాప్టిస్టులు పరాయివారేమీ కారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన ఒంగోలు మిషను ఆ అమెరికన్ బాప్టిస్టులదే.

వ్యవస్థాపకులు క్రైస్తవ దేశమే కట్టారని ఎవరైనా అంటే, ముందు అందులోని నిజాన్ని ఒప్పుకోండి. కొన్ని రాష్ట్రాల్లో అధికార చర్చిలు ఉండేవి, మసాచుసెట్స్‌లో 1833 దాకా ఉంది. ఆ తరువాత రెండో వైపు కూడా చెప్పండి. రాజ్యాంగం ఆరో అధికరణం ప్రభుత్వ పదవులకు మతపరీక్ష ఉండరాదంటుంది. 1791లో వచ్చిన మొదటి సవరణ, మతాన్ని స్థాపించే చట్టం గాని, దాని స్వేచ్ఛాచరణను అడ్డుకునే చట్టం గాని కాంగ్రెసు చేయరాదంటుంది. ఉత్తర ఆఫ్రికాలోని ట్రిపోలీతో చేసుకున్న 1797 నాటి ఒప్పందంలో అమెరికా ప్రభుత్వం ఏ అర్థంలోనూ క్రైస్తవ మతం మీద స్థాపించినది కాదని స్పష్టంగా రాసి ఉంది. జెండా ముందు చేసే విధేయత ప్రతిజ్ఞలో "దేవుని కింద" అన్న మాట చేరింది 1954లో; "దేవుణ్ణి నమ్ముతాం" అన్నది జాతీయ నినాదమైంది 1956లో. అవి రెండూ ప్రచ్ఛన్న యుద్ధ కాలపు ముద్రలు. ఇదంతా ఒకే సంభాషణలో గుక్కతిప్పుకోకుండా చెప్పేయకండి, ఎవరికీ పాఠం వినాలనిపించదు. జున్ను కథ ఒక్కటి చాలు.

ఊరి విలువలు, ఊరి గాయాలు

2020 జనాభా లెక్కల ప్రకారం అమెరికన్లలో గ్రామీణులు దాదాపు 20 శాతం. కాలిఫోర్నియాలోని 3 కోట్ల 95 లక్షల మందికి ఇద్దరు సెనేటర్లు ఉంటే, వయోమింగ్‌లోని 5 లక్షల 77 వేల మందికీ ఇద్దరే ఉండటం వల్ల జాతీయ రాజకీయాల్లో చిన్న ఊళ్ల బరువు వాటి జనాభా కంటే ఎక్కువ. అయినా అక్కడి మనుషులను అడిగితే తమ మాట ఎవరూ వినడం లేదనే చెబుతారు. ఈ రెండూ ఒకేసారి నిజమే. విస్కాన్సిన్‌లో రాజకీయ శాస్త్రం బోధించిన క్యాథరిన్ క్రేమర్ 2007 నుంచి పెట్రోలు బంకుల్లో, టిఫిను హోటళ్లలో పొద్దున్నే కాఫీకి చేరే బృందాల మధ్య కూర్చొని ఏళ్ల తరబడి వారి మాటలు విన్నారు. డబ్బు, అధికారం, గౌరవం మూడూ నగరాలకే పోతున్నాయన్న భావం ఆమెకు పదేపదే వినిపించింది. 2010 నుంచి వందకు పైగా గ్రామీణ ఆసుపత్రులు మూతపడటం, బడులు పక్క ఊరి బడులతో కలిసిపోవడం కళ్లారా చూసినవారి మాట అది. ఊళ్లో ఒక్కొక్కటీ మూతపడుతుండగా చివరికి తెరిచి ఉండే తలుపు చర్చిదే. ఆకలితో వచ్చినవారికి సరుకులిచ్చే గది అక్కడే, చావు భోజనాలు అక్కడే, మద్యం మానాలనుకునేవారి సమావేశాలూ అక్కడే. క్రైస్తవ జాతీయవాదం ఈ విశ్వాసపు ఖాతాలోంచే అప్పు తీసుకుంటుంది.

ఆ అప్పు ఎలా తీసుకుంటారో 1980లలోని వ్యవసాయ సంక్షోభం చూపుతుంది. అంతకు ముందు దశాబ్దంలో భూముల ధరలు పెరుగుతుంటే బ్యాంకులు పిలిచి మరీ అప్పులిచ్చాయి. ఆపైన అమెరికా కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వు ధరల పెరుగుదలను అణచడానికి వడ్డీ రేట్లు విపరీతంగా పెంచింది. అయోవాలో 1981లో సగటున 2,147 డాలర్లు పలికిన ఎకరం 1986 నాటికి 787 డాలర్లకు పడిపోయింది. తరతరాల పొలాలు కోర్టు మెట్ల మీద వేలానికి వచ్చాయి. అప్పుల ఊబిలో దిగిన రైతు మనసు ఎలా ఉంటుందో తెలుగు పాఠకులకు నేను వివరించనక్కర్లేదు. సరిగ్గా ఆ సమయంలో పోసీ కోమిటాటస్ అనే ముఠా ఆ రైతుల దగ్గరికి వెళ్లి, మీ కష్టానికి కారణం యూదుల కుట్ర అనీ, కౌంటీ పోలీసు అధికారి అయిన షెరీఫును మించిన చట్టబద్ధ అధికారి లేడనీ, ఈ నేల తెల్ల క్రైస్తవులకు దేవుడిచ్చినదనీ నూరిపోసింది. ఆ మాటలు తలకెక్కించుకున్న గోర్డన్ కాల్ అనే రైతు 1983 ఫిబ్రవరిలో నార్త్ డకోటాలోని మెడీనా దగ్గర జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఫెడరల్ మార్షళ్లు చనిపోవడానికి కారణమై, అదే ఏడాది జూన్‌లో ఆర్కన్సాలో మరో కాల్పుల ఘటనలో తానూ హతమయ్యాడు.

అయితే అదే పల్లెల్లో, అదే బైబిలు చేతబట్టుకున్న మరికొందరు వేరే దారి పట్టారు. పోయిన ఒక్కో పొలానికి ఒక్కో తెల్ల శిలువను కోర్టు ఆవరణలోని పచ్చికలో పాతి నిలబడ్డారు, నిస్పృహలో ఉన్న రైతుల కోసం ఫోన్ లైన్లు నడిపారు, బ్యాంకుల కాగితాలు చదివి పెట్టారు, చట్టసభల తలుపులు తట్టారు. రైతు కుటుంబాల కోసమే ప్రత్యేకించిన దివాలా నిబంధనలు 1986లో, రుణగ్రహీతలకు హక్కులిచ్చిన వ్యవసాయ రుణ చట్టం 1987లో వచ్చాయి. బాధ ఒకటే, గ్రంథమూ ఒకటే. ఒకరు దానికి శత్రువును చూపారు, మరొకరు ఫారం నింపడం నేర్పారు. మీ ఊళ్లో ఎవరు ఏ పని చేస్తున్నారో కనిపెట్టడం పత్రికల్లో వచ్చే పెద్ద పెద్ద విశ్లేషణలు చదవడం కంటే ఉపయోగం.

గ్రామీణ అమెరికా అంటే తెల్లవారు మాత్రమే అన్న ఊహను కూడా వదిలించుకోవాలి. మిసిసిపీ డెల్టాలోని రూల్‌విల్‌లో పత్తి పొలాల్లో పాలికూలిగా బతికిన నల్లజాతి మహిళ ఫ్యానీ లూ హేమర్ 1962లో ఓటు నమోదుకు వెళ్లినందుకు తాను ఉంటున్న భూస్వామి ఇంటిని విడిచి పోవలసి వచ్చింది, మరుసటి ఏడు వినోనా జైల్లో దెబ్బలు తింది, 1964లో అట్లాంటిక్ సిటీలో డెమొక్రటిక్ పార్టీ మహాసభ సందర్భంగా దేశమంతా వినేలా సాక్ష్యం చెప్పింది, 1969లో పేదల కోసం సహకార వ్యవసాయ క్షేత్రం పెట్టింది. చర్చి పాటలు పాడుతూనే ఆమె ఈ పనులన్నీ చేసింది. ఆమెది నిండైన క్రైస్తవ రాజకీయమే. కాని అది ఓటు గది తలుపును అందరికీ తెరవడానికి పనిచేసింది. "మతాన్ని రాజకీయాల్లోకి తేవద్దు" అని మీరు ఒక్క ముక్కలో తేల్చేస్తే హేమర్‌ను కూడా బయటికి పంపినట్టవుతుంది, కనుక ఆ వాక్యం వాడకండి. ప్రభుత్వం ఏ మతం పక్షమూ వహించకూడదు అనండి.

సమావేశంలో మాట్లాడే పద్ధతి

అమెరికాలో మూడు వేలకు పైగా కౌంటీలున్నాయి. లైబ్రరీలో ఏ పుస్తకాలుండాలి, బడిలో ఏ పాఠం చెప్పాలి అన్నవి చాలావరకు అక్కడి బోర్డుల్లోనే తేలతాయి. అజెండా ముందుగానే ప్రకటిస్తారు. అది చదవకుండా వెళ్లవద్దు. ప్రజలు మాట్లాడే సమయానికి పేరు నమోదు చేయించుకోవాలి, సాధారణంగా ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలే ఇస్తారు. ఊళ్లో మీరు ఎక్కడ ఉంటున్నారో, ఏం చేస్తారో ఒక వాక్యంలో చెప్పి, అజెండాలోని ఏ అంశం గురించి మాట్లాడుతున్నారో పేర్కొని, బోర్డు ఏం చేయాలని కోరుతున్నారో స్పష్టంగా అడిగి కూర్చోండి. దైవశాస్త్రం జోలికి వెళ్లకండి, ఎవరినీ జాతీయవాది అని పిలవకండి. ఆ పేరు పెట్టిన క్షణంలో మీరు అడిగిన పని పక్కకుపోయి, ఆ పేరే చర్చ అయి కూర్చుంటుంది.

సమావేశం ప్రార్థనతో మొదలైతే దాన్ని ఆపమని అడగడం వల్ల ప్రయోజనం తక్కువ. న్యూయార్క్ రాష్ట్రంలోని గ్రీస్ అనే పట్టణం కేసులో 2014లో సుప్రీంకోర్టు అలాంటి ప్రార్థనలు చెల్లుతాయంది, కాని ఆ పట్టణం ఏ మతం వారినీ కాదనలేదన్నది ఆ తీర్పులో ముఖ్యమైన అంశం. కాబట్టి ప్రార్థన చేసేవారిని ఎలా ఎంచుతారని క్లర్కును రాతపూర్వకంగా అడిగి, మీ పేరూ ఆ జాబితాలో చేర్చమనండి. ఒహాయోలోని పార్మా శివవిష్ణు ఆలయ అర్చకులు వెంకటాచలపతి సముద్రాల 2000 సెప్టెంబరులో ప్రతినిధుల సభలో తొలి హిందూ ప్రార్థన చేశారు. 2007లో రాజన్ జెడ్ సెనేటులో చేస్తుంటే గ్యాలరీ నుంచి కొందరు కేకలు వేశారు, వారిని బయటికి పంపాక ప్రార్థన పూర్తయింది. మీకూ అలాంటిది ఎదురైతే తగ్గకండి, కాని మీ ప్రార్థన ఒక నిమిషానికి మించకుండా, ఊరి వానలు, పంటలు, ఊరి పిల్లల క్షేమం కోరేదిగా ఉండనివ్వండి.

బడి విషయంలో మొదట ఎవరు చేయించారన్నది చూడాలి. విద్యార్థులు తమంతట తాము ప్రార్థించుకోవచ్చు. బడి చేయించే ప్రార్థన 1962 తీర్పు నుంచి చెల్లదు. ఆట ముగిశాక మైదానంలో కోచ్ వ్యక్తిగతంగా చేసుకునే ప్రార్థనను 2022లో సుప్రీంకోర్టు సమర్థించింది. జెండా ప్రతిజ్ఞ చేయమని పిల్లలను బలవంతపెట్టరాదని 1943లోనే తేలిపోయింది. తరగతి గదుల్లో పది ఆజ్ఞలను వేలాడదీయాలన్న కెంటకీ చట్టాన్ని 1980లో కొట్టివేసినా, లూసియానా 2024లో, టెక్సస్ 2025లో అలాంటి చట్టాలే మళ్లీ చేశాయి. వాటిపై కోర్టుల్లో వ్యాజ్యాలు పడ్డాయి కాబట్టి మీ రాష్ట్రంలో ప్రస్తుత స్థితి ఏమిటో తెలుసుకున్నాకే ప్రిన్సిపాలుకు రాయండి. ఆ ఉత్తరంలో తేదీ, జరిగిన సంగతి, ఎవరు నడిపించారు, మీ బిడ్డకు తప్పుకునే వీలు ఇచ్చారా లేదా అన్న నాలుగు విషయాలుంటే చాలు. కోపం రెండో ఉత్తరానికి దాచుకోండి.

వీసా మీద ఉన్నవారు మాట్లాడవచ్చు, ఉత్తరాలు రాయవచ్చు. కాని పౌరసత్వం లేకుండా ఓటరుగా నమోదు కావడం దేశం నుంచి పంపేసేంత పెద్ద నేరం కాగలదు, డ్రైవింగ్ లైసెన్సు కౌంటరులో ఎవరైనా మామూలుగా ఆ కాగితం చేతిలో పెట్టినా సంతకం చేయకండి. గ్రీన్ కార్డు లేనివారు ఎన్నికల అభ్యర్థులకు చందా ఇవ్వడం కూడా నిషిద్ధమే.

తోడు వెతుక్కోవలసింది చర్చిల్లోనే

హిందువులు, ముస్లింలు, ఏ మతమూ లేనివారు మాత్రమే కలిసి ఈ పని చేస్తే చిన్న ఊళ్లో అది బయటివారి గొడవగా కనిపిస్తుంది. 2019లో బాప్టిస్ట్ జాయింట్ కమిటీ అనే సంస్థ క్రైస్తవ జాతీయవాదానికి వ్యతిరేకంగా క్రైస్తవుల ప్రచారోద్యమాన్ని మొదలుపెట్టింది. ప్రభుత్వపు ముద్ర పడితే సువార్తకే నష్టమన్నది వారి వాదన. మీ ఊళ్లోనూ ఇలా ఆలోచించే పాస్టరు ఒక్కరైనా ఉండవచ్చు. ఆయన తన సంఘంలో కొందరిని పోగొట్టుకునే ప్రమాదంలో ఉంటాడు కనుక, వేదికల మీదికి లాగకుండా ముందు కాఫీకి పిలవండి. తెలుగు క్రైస్తవ కుటుంబాలకు ఇక్కడ ప్రత్యేకమైన స్థానం ఉంది. వారి మాటను మతవిరోధమని ఎవరూ తోసిపుచ్చలేరు. "క్రైస్తవ దేశం" అన్నమాట వారిని ఆహ్వానించినట్టు వినిపించవచ్చు గాని, ఆ మాట వెనుక ఎవరి చర్మం రంగు ఊహలో ఉందో అడిగి చూడటం మంచిది.

ఇక హిందువులకు ఒక ఇబ్బందికరమైన ప్రశ్న తప్పదు. టెక్సస్‌లోని షుగర్‌ల్యాండ్‌లో చినజీయర్ స్వామి ఆధ్వర్యంలో 2024 ఆగస్టులో ప్రతిష్ఠించిన 90 అడుగుల హనుమంతుడి విగ్రహాన్ని, ఇది క్రైస్తవ దేశం కదా అంటూ సెనేటుకు పోటీపడుతున్న ఒక నాయకుడు 2025లో ఆక్షేపించాడు. దాన్ని తప్పని మీరు అన్నప్పుడు, "మీ దేశంలో చర్చిల సంగతేమిటి?" అని పక్కింటాయన అడిగితే కోపగించుకోకండి. అక్కడా ఇక్కడా ఒకే కొలత వాడతానని చెప్పగలిగితేనే ఆ సంభాషణ ముందుకు సాగుతుంది. చెప్పలేకపోతే ఆయనకు అర్థమైపోతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలో తోచనివారికి కరెంటు సహకార సంఘం మంచి చోటు. పల్లెల్లో పది పొలాల్లో తొమ్మిదింటికి దీపం లేని రోజుల్లో, 1936 చట్టం ఊతంతో రైతులే సంఘాలు కట్టి తీగలు లాగించుకున్నారు. నేటికీ దాదాపు 900 సంఘాలు పనిచేస్తున్నాయి. కనెక్షన్ తీసుకున్నవారు సభ్యులవుతారు, ఒక సభ్యుడికి ఒక ఓటు, ఏ చర్చి అని గాని ఏ పాస్‌పోర్టు అని గాని ఎవరూ అడగరు. వార్షిక సమావేశం నోటీసు చాలాసార్లు కరెంటు బిల్లుతోపాటే వస్తుంది. దాన్ని పారేయకుండా తేదీ రాసిపెట్టుకొని, ఆ సాయంత్రం అక్కడి భోజనాల బల్ల దగ్గర మీకు పరిచయం లేనివారి పక్కన కూర్చోండి.